దొర్కా సూది – మన ఇంటి పని

పాఠభాగము: అపొస్తలుల కార్యములు 9:36–42, యోహాను 21:1–14
కంఠస్థము చేయవలసిన వాక్యము: అపొస్తలుల కార్యములు 9:36



జనాభా లెక్కలు వ్రాయువారు మన వాకిటికి వచ్చి, "మీ ఇంటావిడ ఏమి పని చేస్తారండీ?" అని అడిగినప్పుడు, ఇంటి యజమాని తడుముకొనకుండ, "ఆవిడకు పనేమీ లేదండీ, ఇంట్లోనే ఉంటుంది" అని చెప్పుట మన గ్రామములలో మామూలే. ఆ మాట చెప్పు సమయమునకు ఆమె అరుగుమీద కూర్చుండి, ఒక కాలితో ఉయ్యాల ఊపుచు, ఒడిలో దారపు ఉండ పెట్టుకొని లేసు అల్లుచుండును. లోపల పొయ్యిమీద పప్పు ఉడుకుచుండును. తెల్లవారకమునుపే ఆమె వాకిలి ఊడ్చి, గేదెకు మేత వేసి, నీళ్లు మోసి యున్నది. అయినను లెక్కల కాగితములో "పని లేదు" అని వ్రాయబడును. ఆ భర్త అబద్ధమాడవలెనని ఆడలేదు. ఆమె పని అతని కంటికి ఆనలేదు, అంతే.

మనుష్యులు లెక్కింపని ఈ పనిని దేవుడు లెక్కించునా? ఇదియే ఈ మాసపు పాఠము.

1. శిష్యురాలు అని పేరుపొందిన స్త్రీ

యొప్పే సముద్రతీరమందలి పట్టణము. అక్కడ తబితా అను స్త్రీ యుండెను. ఆమెకే దొర్కా అని మరియొక పేరు. ఆ రెండు పేళ్లకును లేడి అని అర్థము. క్రొత్త నిబంధన మూలభాషలో "శిష్యురాలు" అను స్త్రీవాచక పదము ఒకే ఒక్కసారి వచ్చుచున్నది. అది ఈమెను గూర్చియే. ఆమె ప్రసంగించినట్లు వ్రాయబడలేదు. ఆమె నోట పలికిన ఒక్క మాటయైనను మనకు మిగులలేదు. మిగిలినది ఆమె కుట్టిన బట్టలే. ఆమె మరణించినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు వచ్చి, ఆ అంగీలను వస్త్రములను పేతురునకు చూపిరి. ఆమెను గూర్చిన సాక్ష్యమంతయు ఆ కుట్లలోనే యున్నది. దేవుడు ఆ సూదిపనిని గ్రంథమున కెక్కించెను. ఆమెను తిరిగి సజీవురాలిగా ఆ విధవరాండ్రకు అప్పగించెను.

నిర్గమకాండము 35:25–26 కూడ చదువుడి. ప్రత్యక్షపు గుడారము కట్టునప్పుడు బంగారము తెచ్చిన వారితోపాటు, తమ చేతులతో నూలు వడికి తెచ్చిన స్త్రీలును లెక్కింపబడిరి.

2. గోదావరి తీరపు లేసు

మన తెలుగు దేశములో ఇందుకు దగ్గరి ఉదాహరణ నరసాపురము లేసు. పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురము, పాలకొల్లు చుట్టుపట్ల గ్రామములలో స్త్రీలు సన్నని కొక్కెపు సూదితో తెల్లని నూలు దారమును అల్లుదురు. 19వ శతాబ్దములో మిషనరీ కుటుంబపు స్త్రీలు ఈ పనిని అక్కడి పేద క్రైస్తవ స్త్రీలకు నేర్పిరి. తరువాత అది అన్ని కులముల ఇండ్లలోనికిని ప్రాకెను. ఒకరు పువ్వులు అల్లుదురు, మరియొకరు వాటిని అతుకుదురు. అట్లు తయారైన బల్లగుడ్డలు, దిండు గలీబులు సముద్రములు దాటి పోవుచున్నవి. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది.

అయితే ఈ కథకు రెండవ వైపు కలదు. మరియా మీస్ అను జర్మను పండితురాలు ఆ గ్రామములలో ఉండి పరిశీలించి వ్రాసిన గ్రంథము 1982లో వెలువడెను. లోకపు అంగడికి సరకు చేయుచున్న ఆ స్త్రీలను "తీరికవేళ ఏదో అల్లుకొను గృహిణులు" అని మాత్రమే ఎంచిరనియు, అందుచేతనే వారి కూలి మిక్కిలి స్వల్పముగా నుండెననియు, లాభము వర్తకులకు చేరెననియు ఆమె చూపెను. చూచితిరా? "పని లేదు" అను మాట వట్టి మాట కాదు. అది కూలిని కోసివేయును. పని అని ఎంచనిదానికి ఎవరు సరియైన వెల యిత్తురు?

3. ప్రభువు చెవికి చేరు కేక

ద్వితీయోపదేశకాండము 24:14–15లో, బీదవాని కూలి ఆనాడే, సూర్యుడు అస్తమింపక మునుపే ఇయ్యవలెనని ఆజ్ఞ కలదు. యాకోబు 5:4లో, పట్టి ఉంచిన కూలి తానే మొఱపెట్టుచున్నదనియు, ఆ కేక ప్రభువు చెవులలో పడుచున్నదనియు వ్రాయబడెను. మన సంఘములలో దారము పంచి పని తీసికొనువారు ఉందురు. వారు ఆదివారము కానుక పళ్లెములో వేయు రూపాయికి ముందు, శనివారము చెల్లింపని రూపాయిని జ్ఞాపకము చేసికొందురు గాక.

ఈ మాట వర్తకులకే కాదు. భార్య అల్లి తెచ్చిన డబ్బును అడుగకయే తీసికొను భర్తకును, తల్లి కన్నులు మసకబారుచున్నను దీపము మార్పని కుమారునికిని ఇది వర్తించును.

4. నిప్పులయొద్ద మన ప్రభువు

"వంట ఆడువారి పని గదా" అని కొందరందురు. యోహాను 21వ అధ్యాయము చూడుడి. ఏడుగురు శిష్యులు రాత్రియంతయు ప్రయాసపడి ఒడ్డునకు వచ్చిరి. మరణమును జయించి లేచిన ప్రభువు వారికొరకు నిప్పులు రాజబెట్టి, వాటిమీద చేప ఉంచి, రొట్టె సిద్ధపరచియుండెను. వచ్చి భోజనము చేయుడని పిలిచెను. అలసినవారికి అన్నము సిద్ధపరచుట మన ప్రభువుకే తక్కువ కాకపోగా, మనకు తక్కువ యగునా?

కాబట్టి సహోదరులారా, వారమున కొక్క పూటయైనను పొయ్యియొద్ద మీరు కూర్చుండుడి. సులువైన వంట యొకటి చెప్పెదము: మునగాకు పప్పు. ఐదుగురికి ఒక గ్లాసు కందిపప్పు కడిగి, చిటికెడు పసుపు వేసి మెత్తగా ఉడికింపుడి. పుల్లలు ఏరిన లేత మునగాకు రెండు గుప్పెళ్లు, చీల్చిన పచ్చిమిరపకాయలు నాలుగు వేసి మరి కొంతసేపు ఉడుకనిండి. ఉసిరికాయంత చింతపండు పులుసును, ఉప్పును ఆ తరువాతనే వేయవలెను. పులుపు ముందే పడిన పప్పు ఉడుకదు. చివర ఆవాలు, జీలకఱ్ఱ, ఎండుమిరప, దంచిన వెల్లుల్లితో పోపు పెట్టుడి. మునగాకు పెరటిలోనే దొరకును. రక్తమునకును, కన్నులకును మేలు చేయు ఆకు. దినమంతయు సన్నదారము చూచిన కన్నులకు ఇది తగిన భోజనము.

5. ఒక చిన్న టోపీ

దొర్కా తన పనిలో కొంత విధవరాండ్రకు ఇచ్చెను. చలికాలము వచ్చుచున్నప్పుడు స్త్రీల సమాజమువారు పేదయింటి పసికందులకు ఉన్ని టోపీలు అల్లవచ్చును. పుట్టిన బిడ్డకు తల పెద్దది, ఒళ్లు చిన్నది. తలనుండి వేడి త్వరగా పోవును. కొక్కెపు సూది తెలిసిన చేతికి రెండు సూదుల అల్లిక కష్టము కాదు.

మధ్యరకపు మెత్తని ఉన్ని, 4 మిల్లీమీటర్ల సూదులు రెండు తీసికొనుడి. 64 కుట్లు ఎక్కించి, అన్ని వరుసలను ఒకే సాదా కుట్టుతో, ఎత్తు 18 సెంటీమీటర్లు వచ్చువరకు అల్లుడి. వెడల్పు సాగదీయకుండ 30 నుండి 32 సెంటీమీటర్లు ఉండవలెను; వదులుగా అల్లువారు కుట్లు తగ్గించుకొనవలెను. తరువాత ఉన్నిని కొంత పొడవు విడిచి కత్తిరించి, దానిని మొద్దు సూదితో కుట్లన్నిటిలోను దూర్చి, బిగించి ముడివేయుడి. అదే పోగుతో వెనుక అంచులు రెండును కలిపి కుట్టుడి. క్రింది అంచును 3 సెంటీమీటర్లు పైకి మడువుడి. గుండీలు, నాడాలు పెట్టవద్దు. అవి బిడ్డకు అపాయము. ఉదికి ఆరవేసి, నర్సమ్మగారి సలహాతో ఇయ్యుడి.

అయితే ఒక మాట. ఈ దానము పేరు చెప్పి, పొట్టకూటికి అల్లుకొను సహోదరిమీద మరియొక బరువు మోపవద్దు. ఉన్ని సంఘము కొనవలెను. తీరిక గలవారు ముందుగా చేయి వేయవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. దొర్కా మాటలు వ్రాయక ఆమె పనినే లేఖనము ఏల వ్రాసెను?
2. నిన్న ఉదయము మొదలు రాత్రివరకు మీ ఇంటి స్త్రీ చేసిన పనులను వరుసగా చెప్పగలరా?
3. మనము ఎవరికైనను ఇయ్యవలసిన కూలి మన యొద్ద నిలిచియున్నదా?
4. ఈ వారము మీ ఇంట ఏ పూట వంట పురుషులు చేయుదురు?

ప్రార్థన

నజరేతులో చేతిపని చేసిన ప్రభువా, నిప్పులయొద్ద నీ వారికి భోజనము సిద్ధపరచినవాడా, మా ఇండ్లలో మేము చూడక విడిచిన కష్టమును చూచుటకు మా కన్నులు తెరువుము. మాయొద్ద నిలిచియున్న కూలిని చెల్లించు మనస్సు మాకిమ్ము. అలసిన చేతులకు విశ్రాంతి దయచేయుము. మరల లెక్కలు వ్రాయువారు వచ్చి అడుగునప్పుడు, "ఈమె పని చేయుచున్నది" అని నిజము చెప్పుటకు మా నోటికి ధైర్యమిమ్ము. ఆమేన్.