తరగతి గోడపై పరీక్షల పాఠం

పరీక్షలు సమీపించే కొద్దీ పాఠశాలల గోడలపై హితవచనాలు వెలుస్తాయి. "భయపడకండి", "శ్రద్ధగా చదవండి" అనే మాటలలో దోషం లేదు. కాని అవి మార్గం చూపవు. ఇంట పరీక్ష వ్రాసిన అనుభవజ్ఞులు లేని బాలబాలికలకు ఆ మార్గం తెలిసే చోటు తరగతిగది ఒక్కటే. కనుక బులెటిన్ బోర్డును అలంకారంగా గాక పాఠంగా భావించడం అవసరం.

ఇందుకు వ్యయం స్వల్పం. ప్లైవుడ్ పలకపై గోనెగుడ్డ బిగిస్తే గుండుసూదులు చక్కగా నిలుస్తాయి. అక్షరాలు పెద్దవిగా, పంక్తుల నడుమ ఎడం ఎక్కువగా ఉండాలి. లేనిచో వెనుక బల్లవారికి మన ఒత్తులు కానరావు.

ప్రథమస్థానం కాలవిభజనకు ఈయాలి. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి పదవ తరగతి గణితపత్రానికి 80 మార్కులు, వ్యవధి 3 గంటలు. పునఃపరిశీలనకు 20 నిమిషాలు మినహాయిస్తే 160 నిమిషాలు మిగులుతాయి. అనగా మార్కుకు 2 నిమిషాలు. 5 మార్కుల లెక్క పది నిమిషాలలో తేలకపోతే స్థలం విడిచి ముందుకు సాగడమే ఉచితం. ఈ గణనను ఉపాధ్యాయుడు తాను వ్రాసి అంటించరాదు. విద్యార్థులచేత చేయించి, వారి దస్తూరిలోనే ప్రదర్శించాలి. ప్రశ్నపత్రం చదువుకొనుటకు ముందుగా ఇచ్చే 15 నిమిషాలలో ఏ ప్రశ్న మొదట, ఏది చివర అన్నది నిర్ణయించుకోవడాన్ని కూడా పాత ప్రశ్నపత్రంతో అభ్యాసం చేయించవచ్చు.

కళాశాల తరగతులలో సమస్య వేరు. వైద్యవిద్యా ప్రవేశానికి జరిగే నీట్ పరీక్షను తెలుగుతో సహా 13 భాషలలో వ్రాయవచ్చు. సరియైన సమాధానానికి 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. నాలుగింటిలో ఒకదానిని గుడ్డిగా ఎంచుకుంటే నాలుగు ప్రశ్నలకు సగటున దక్కేది 1 మార్కు మాత్రమే. రెండింటిని హేతుబద్ధంగా తొలగించగలిగితే రెండు ప్రశ్నలకే 3 మార్కులు! అనువాదంలో సందిగ్ధత ఏర్పడితే ఆంగ్లపాఠమే ప్రమాణం. తెలుగు విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు. అందుచేత త్వరణం పక్కన యాక్సిలరేషన్, ద్రవ్యవేగం పక్కన మొమెంటం ఉండే జంటపదాల పట్టికకు బోర్డుపై శాశ్వతస్థానం కల్పించాలి.

మిగిలిన భాగం తప్పులకు! త్రైమాసిక జవాబుపత్రాల నుండి, పేర్లు తొలగించి, వాటిని ఏరవచ్చు: ప్రశ్నసంఖ్య వేయకపోవడం, ప్రమాణాలు విస్మరించడం, "ఏవైనా రెండు" అన్నచోట నాలుగూ వ్రాసి కాలం పోగొట్టుకోవడం. ఇది పక్షానికొకసారి మారాలి. మారని బోర్డును పిల్లలు గోడగానే చూస్తారు.