కాంటాకెక్కని ఆస్తి

కరీంనగర్

బిడ్డా,

నువ్వు పంపిన కాగితాలు రెండుసార్లు చదివిన. హైదరాబాద్ కొలువు వదిలి మన ఊరి వెండి తీగ పని దుకాణం కొంటనంటే ఇంట్లో అందరికంటె ముందు సంతోషపడేది నేనే. కాని ఒక పద్దు దగ్గర ఆగిపోయిన. బల్లలు, పనిముట్లు, వెండి సరుకు అన్నిటికీ విడివిడిగా ధర కట్టి, చివర 'గుడ్‌విల్' అని ఆరు లక్షలు వేసిండ్రు. నువ్వు పక్కన పెన్సిల్‌తో 'ఇది దేనికి?' అని రాసినవు. మంచి ప్రశ్న. జవాబు కొంచెం పొడుగు.

ముందు నువ్వు కొనబోయే పని సంగతి చూడు. ఎల్గందులలో మొదలై కరీంనగర్‌కు వచ్చిన పని ఇది. వెండిని కరిగించి, పలక రంధ్రాల్లో నుంచి లాగి లాగి సన్నటి తీగ చేస్తరు. రెండు పోగులు కలిపి పురి పెట్టి, చదును చేసి, చిమ్టాతో వంచుకుంట ఒక్కొక్క మలుపూ చట్రంలో అమరుస్తరు. ఆ తర్వాత టంకం పెట్టి మంట చూపించి అతుకుతరు. మంట కొంచెం ఎక్కువైతే పూటంతా చేసిన పువ్వు ముద్దయిపోతది. ఇంత చేసి కాంటా మీద పెడితే తూగేది కొన్ని గ్రాములు. పనితనం పెరిగిన కొద్దీ తీగ సన్నబడతది, తీగ సన్నబడిన కొద్దీ బరువు తగ్గుతది. గ్రాముల లెక్కన బేరమాడే గిరాకీ ముందు మంచి పనివాడే నష్టపోతడు. అందుకే నీ బిల్లు రెండు ముక్కలుగా ఉండాలె. వెండి వేరు, మజూరి వేరు. వెండి రేటు ఏ రోజుకారోజు పేపర్ల వస్తది, దాని మీద కొట్లాట ఉండదు. నువ్వు గట్టిగ నిలబడాల్సింది మజూరి మీద. వస్తువుకింత అని చెప్పు, గ్రాముకింత అంటే ఒప్పుకోకు.

కాగితాల్లో 'జీఐ గుర్తింపు ఉన్న వ్యాపారం' అని కూడా రాసిండ్రు. జీఐ అంటే భౌగోళిక సూచిక. మన వెండి తీగ పనికి, అంటే కరీంనగర్ ఫిలిగ్రీకి, ఆ గుర్తింపు ఉన్నమాట నిజమే, నిర్మల్ బొమ్మలకూ ఉన్నది. అయితే అది ఆ దుకాణదారు సొత్తు కాదు. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం 24వ సెక్షన్ ప్రకారం దాన్ని ఇంకొకరికి రాసిచ్చుడు, తాకట్టు పెట్టుడు కుదరదు. ఈ ప్రాంతంల ఆ పని చేసేటోళ్లందరిదీ అది. నీ పేరు నువ్వే అధీకృత వినియోగదారుగా నమోదు చేయించుకోవాలె. దాని పేరు మీద పైసా ఇయ్యకు.

మరి ఆరు లక్షలూ కొట్టేయాల్నా అంటే, అదీ న్యాయం కాదు. గుడ్‌విల్ కూడా ఆస్తే అని 1932 భాగస్వామ్య చట్టం 14వ సెక్షన్‌లోనే ఉన్నది. బెంగళూరు అగరుబత్తుల సంస్థ ఒకటి మూతపడ్డప్పుడు గుడ్‌విల్‌కు లక్షా యాభై వేలు కట్టుకున్నరు. దాని మీద పన్ను పడతదా లేదా అన్న తగాదా సుప్రీంకోర్టు దాకా పోయింది. బి.సి. శ్రీనివాస శెట్టి కేసు, 1981 తీర్పు. కొనకుండ, ఏళ్ల తరబడి సంపాదించుకున్న పేరుకు ఖర్చింత అని చెప్పలేం కాబట్టి పన్ను లెక్క నిలువదన్నరు. ఆ తర్వాత చట్టం మార్చి, ఖర్చు సున్నా అనుకుని పన్ను వేసే ఏర్పాటు చేసిండ్రు. అకౌంటింగ్ స్టాండర్డ్ 26 కూడా సొంతంగ పుట్టిన గుడ్‌విల్‌ను ఆస్తిగ రాయొద్దనే చెప్తది. అందుకే ఆయన పుస్తకంల అది లేదు. నువ్వు డబ్బిచ్చి కొంటవు కాబట్టి నీ పుస్తకంల ఉంటది.

అంకె తేల్చే తీరు చెప్త, నీ అంకెలు నువ్వు వేసుకో. సగటు లాభం ఏడాదికి ఆరు లక్షలు అనుకుందాం. యజమాని రోజంతా గల్లా మీద కూర్చున్నడు. ఆ పనికి నెలకు ముప్పై వేల జీతం పెడితే 3.60 లక్షలు పోతది. పెట్టుబడి 12 లక్షల మీద ఎనిమిది శాతం వడ్డీ 96 వేలు. మిగిలింది 1.44 లక్షలు. దుకాణం పేరుకు వచ్చే లాభం అంతే. దానికి రెండింతలు, మహా అయితే మూడింతలు ఇయ్యొచ్చు. ఇంకొకటి, 2021 ఫైనాన్స్ యాక్ట్ తర్వాత గుడ్‌విల్ మీద తరుగుదల రాదు, పనిముట్ల మీద వస్తది. ధర ఏ పద్దు కింద ఎంత పడుతున్నదో చూసి ఒప్పుకో. అట్లని ఉన్న విలువను దాచి ఇంకో పద్దులో ఇరికించకు.

లెక్క ఇక్కడికి తెగింది. బేరం తెగుడు వేరే ముచ్చట.

ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లుల్ల లెక్కలు రాసినప్పుడు పత్తి యార్డు బాగ చూసిన. ఎనిమిది శాతం తేమ దాకా పూర్తి మద్దతు ధర, అక్కడి నుంచి 12 దాకా కోత, 12 దాటితే కాటన్ కార్పొరేషన్ (సీసీఐ) కొనదు. చలికాలం పొద్దుగాల మంచుకు పైపత్తి చెమ్మ పడతది. మీటర్ పైన గుచ్చితే ఒక అంకె, లోపల గుచ్చితే ఒక అంకె. ఒకనాడు ఒక రైతు ప్రైవేటు ఖరీదుదారుతో గొంతు చించుకుంటున్నడు. దగ్గరికి పోయి వింటే ఆయన గొడవ ధర మీద కాదు. "కోత ఎంతైనా కోసుకో, నీళ్లు చల్లి తెచ్చిన్నని మాత్రం అనకు" అంటున్నడు. అప్పుడు పెద్దమనిషి ఒకాయన మీటర్ తీసుకుని బండిలో మూడు చోట్ల గుచ్చి, ప్రతిసారీ అంకె రైతుకే చూపించిండు. మొదట చెప్పిన ధర దగ్గర్నే బేరం ముగిసింది. రైతుకు కావాల్సింది ఇజ్జత్. దాని ఖరీదు ఖరీదుదారుకు ఒక్క పైసా కూడా పడలేదు. చాలా బేరాలు రూపాయి దగ్గర ఆగినట్టు కనబడతయి గాని, నిజానికి పంతం దగ్గర్నో, చిన్నబుచ్చుకున్న మాట దగ్గర్నో ఆగుతయి.

నువ్వు కూడా ఆరు లక్షల మీద వాదన పెట్టకముందు ఆ దుకాణదారును కూర్చోబెట్టి, నీకేం కావాలె పెద్దయ్యా అని అడుగు. బోర్డు మీద ఆయన పేరు కొన్నాళ్లు ఉండాలనొచ్చు, పాత పనివాళ్లను తీసేయొద్దనొచ్చు. ఇవి నీకూ లాభమే. మనసులో ఒప్పుకుంటేనే ఒప్పుకో, ఊరికే తియ్యగ మాట్లాడి రేటు తగ్గించుకునుడు మన ఇంటా వంటా లేదు. ఆయన నీకు ఇయ్యాల్సింది కూడా ఉన్నది. పక్క గల్లీలనే మళ్లీ దుకాణం తెరవనని రాసియ్యాలె. వ్యాపారం అడ్డుకునే ఒప్పందాలు చెల్లవనే 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్, గుడ్‌విల్ అమ్మినోనికి మాత్రం న్యాయమైన హద్దుల్లో అట్లాంటి షరతు పెట్టొచ్చంటది. ఆ కాగితం లేకుంటే నువ్వు కొన్న పేరు ఆయన వెంటనే పోతది.

ముల్కనూరు సహకార సంఘం నీకు తెలుసు. 1956ల అలిగిరెడ్డి కాశీ విశ్వనాథ రెడ్డి మొదలుపెట్టిండు. దాని గోదాములు, మిల్లులు బ్యాలెన్స్ షీట్‌ల దొరుకుతయి. సభ్యుల నమ్మకానికి అందులో పద్దు లేదు. సంఘం ఇన్నేండ్లు నిలబడ్డది మాత్రం దాని మీదనే.

నీ దుకాణానికి ఆ నమ్మకం పనివాళ్ల చేతుల్ల ఉన్నది. సంతకాలకు ముందే వాళ్ల ఇండ్లకు పో. నీ దగ్గర పని చేస్తరా, ఎంత మజూరి కావాలె, వాళ్ల పిల్లలు నేర్చుకుంటున్నరా అని అడుగు. సరుకును నీ ఎదుట తూకం వేయించు, ఉద్దెర ఖాతాలు ఒక్కొక్కటి విప్పి చూడు. పనివాళ్లు ఉంటమంటే నాకు ఫోన్ చెయ్యి, అగ్రిమెంటు చదివి పంపిస్త. ఉండం అంటే ఆ గుడ్‌విల్ పద్దు కొట్టేసి బేరం మొదటి నుంచి మాట్లాడు.

ఇట్లు,
మీ పెద్దబాపు