మహమ్మారి కాలమున ఊరి వైద్యుడు

2020 మార్చి 25వ తేదీన దేశమంతటను లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినది. వైద్యులు ఫోను ద్వారా రోగులకు సలహా నిచ్చుటకు నియమావళియు ఆ దినముననే వెలువడినది. చిన్న వైద్యశాల నడుపు వైద్యునకు నాడి చూచుటయు, గుండె చప్పుడు వినుటయు ప్రధానాధారములు. కరోనా వ్యాధి అట్టి సామీప్యమునే ప్రమాదకర మొనర్చినది. జ్వరముతో వచ్చినవాడు కరోనా రోగియో, మలేరియా రోగియో చూచినంతనే తెలియదు. ఇరుకు వరండాలో అతని ప్రక్కనే గర్భిణియు, చక్కెర వ్యాధి గల వృద్ధుడును కూర్చుండియుందురు. మాస్కులు, రక్షణ దుస్తులు తొలి మాసములలో కొరతగా నుండెను.

జనులు భయపడి రాకుండుట ఇంతకన్న పెద్ద చిక్కు. రక్తపోటు మాత్రలు మానినవారికి పక్షవాతము రావచ్చును. క్షయరోగి మందు మధ్యలో ఆపినచో వ్యాధి మొండిదగును. దగ్గు ఉన్నదనిన ఇరుగుపొరుగు వెలివేతురని దాచినవారును లేకపోలేదు.

ఫోనులో మాట వినబడును గాని రక్తములోని ప్రాణవాయువు ఎంతయో తెలియదు. ఆశా కార్యకర్త రోగి వేలికి పల్స్ ఆక్సీమీటరు తగిలించి, అంకె 94 కంటె తగ్గినదని తెలిపినచో వైద్యుడు తక్షణమే పెద్దాసుపత్రికి పంపగలడు. ఆ పరికరమును పంచాయతీ కొని యుంచవచ్చును. జ్వరపీడితులు వేరుగా కూర్చుండుటకు వైద్యశాల యెదుట పందిరి వేయించుటయు, కదలలేని వృద్ధులకు నెల మందులు ఇంటికి చేర్పించుటయు సభ్యుల చేతిలోని పనులే.