ఉత్తరం గొంతు వినండి



బీపీ, షుగరు, బాలింతల ఆరోగ్యం గురించి ఈ పత్రికలో తరచుగా చదువుతుంటారు. ఈ నెల పాఠం ఈమెయిళ్ళ గురించి. ఆసుపత్రి పత్రికలో ఇదెందుకని మీరు అడగవచ్చు. మురమళ్ళ చుట్టుపక్కల చాలా కుటుంబాలలో పిల్లలు గల్ఫులోనో, హైదరాబాదులోనో ఉద్యోగాలు చేస్తున్నారు. ఆఫీసు నుండి వచ్చిన ఒక్క ఉత్తరంతో రాత్రంతా నిద్ర లేనివారు ఉన్నారు. ఫోనులో వచ్చిన ఒక్క ప్రకటన చదివి మాత్రలు మానేసేవారూ ఉన్నారు. కాబట్టి ఇది ఆరోగ్య విషయమే.

గొంతు అంటే ఏమిటి?

మనిషి ఎదురుగా మాట్లాడితే ముఖం చూస్తాం, స్వరం వింటాం. "ఎందుకు రాలేదు?" అనే మాటను ప్రేమగా అడగవచ్చు, గద్దించి అడగవచ్చు. రాతలో ఆ రెండూ ఒకేలా కనబడతాయి. మిగిలిన లోటును చదివేవారు తమ మనసులో ఉన్నదానితో నింపుకుంటారు. అలసిపోయినవారికి మామూలు మాట కూడా తిట్టులా వినిపిస్తుంది. రాసేవారు ఇది గుర్తుపెట్టుకోవాలి, చదివేవారు కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఆఫీసు ఉత్తరాలు

ఈ రెండు ఉత్తరాలు చూడండి.

"నిన్నటి రిపోర్టు ఇంకా రాలేదు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"నిన్నటి రిపోర్టు నాకు అందలేదు. ఈ సాయంత్రం 4 గంటలలోపు పంపగలరా?"

అడిగిన పని ఒక్కటే. మొదటిది మనిషిని తప్పుపడుతుంది, ఎప్పటికి కావాలో చెప్పదు. రెండవది పని చెబుతుంది, సమయం చెబుతుంది. "నేను ముందే చెప్పినట్లు", "మరొకసారి గుర్తు చేస్తున్నాను" వంటి మాటలు మర్యాదగా కనబడినా లోపల ముల్లు ఉంటుంది. ఇంగ్లీషులో అన్నీ పెద్ద అక్షరాలతో రాస్తే అరిచినట్లే ఉంటుంది.

మంచి గొంతు అంటే తియ్యని మాటలు అనుకోకూడదు. 2014 జూలై 17న మైక్రోసాఫ్ట్ కంపెనీ 18,000 వరకు ఉద్యోగాలు తీసివేస్తున్నట్లు ప్రకటించింది. ఆ రోజు ఉద్యోగులకు రెండు ఉత్తరాలు వెళ్ళాయి. కంపెనీ అధిపతి, మన తెలుగువారైన సత్య నాదెళ్ళ ఆ సంఖ్యను ఉత్తరం మొదట్లోనే చెప్పారు. ఫోన్ల విభాగం అధిపతి స్టీఫెన్ ఈలప్ మాత్రం "హలో దేర్" అని సరదాగా పలకరించి, ఫోన్ల ప్రణాళికల గురించి ఎన్నో పేరాలు రాసి, ఆ తరువాతే 12,500 ఉద్యోగాలు పోతాయని చెప్పారు. పత్రికలు ఆ ఉత్తరాన్ని చాలా విమర్శించాయి. ఉద్యోగం పోయినవారికి మొదటి ఉత్తరం కూడా చేదే. అయితే తమ సంగతి ఎక్కడుందో వెతుక్కోవలసిన బాధ అందులో తక్కువ.

వార్డులో మేము పాటించే పద్ధతి కూడా ఇదే. చెడ్డ కబురు చెప్పవలసి వచ్చినప్పుడు కూర్చోబెట్టి, సూటిగా, మెల్లగా చెబుతాం. తరువాత ఏమి చేయవచ్చో చెబుతాం. ఊరి కబుర్లు చెప్పి చివరిలో రోగం పేరు చెప్పడం దయ అనిపించుకోదు.

వ్యాపార ఉత్తరాలు

వీటిలో నాలుగు రకాల గొంతులు తరచుగా వినిపిస్తాయి.

1. తొందరపెట్టే గొంతు: "ఈ రాత్రి 12 గంటల వరకే."

2. భయపెట్టే గొంతు: "మీ మాత్రలే మీ కిడ్నీలను తినేస్తున్నాయి."

3. పొగిడే గొంతు: "వేలమందిలో మిమ్మల్నే ఎంపిక చేశాం."

4. గుట్టుగా ఉంచమనే గొంతు: "డాక్టర్లు ఈ రహస్యం మీకు చెప్పరు. ఎవరితోనూ అనవద్దు."

నిజమైన వైద్యానికి ఈ గొంతులతో పని లేదు. షుగరును, బీపీని, క్యాన్సరును తమ మందు నయం చేస్తుందని ప్రకటించడం 1954 నాటి మాయ చికిత్సల ప్రకటనల చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం జాబితాలో 54 వ్యాధులు, ఆరోగ్య సమస్యలు ఉన్నాయి. ఇటువంటి ప్రకటనలపై భారత వైద్య సంఘం 2022లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2024లో కోర్టు పతంజలి సంస్థను గట్టిగా మందలించగా, ఆ సంస్థ పత్రికలలో బహిరంగ క్షమాపణ ప్రకటించింది. ఆయుర్వేదం తప్పని దీని అర్థం కాదు. ఏ పద్ధతి మందైనా సరే, లేని గుణం ఉన్నట్లు చెప్పకూడదు.

అటువంటి ప్రకటన నమ్మి బీపీ మాత్రలు మానేస్తే వెంటనే ఏమీ తెలియకపోవచ్చు. కానీ కొన్ని రకాల మాత్రలు హఠాత్తుగా ఆపితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. పక్షవాతం రావచ్చు. చిన్న వయసు నుండి ఇన్సులిన్ మీదే ఉన్నవారు ఇంజక్షన్ ఆపితే కొద్ది రోజులలోనే ప్రాణం మీదికి వస్తుంది.

విదేశీ ఉద్యోగం ఉత్తరాలలోనూ ఈ గొంతులే. నర్సింగ్ చదివిన పిల్లలు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇంటర్వ్యూ లేకుండా అభినందనలు చెప్పి, రేపటిలోగా డబ్బు కట్టమంటే అనుమానించండి. ఏజెంటు కేంద్ర విదేశాంగ శాఖ వద్ద నమోదైనదీ లేనిదీ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి.

గుర్తుంచుకోండి

• ఉత్తరాన్ని రెండుసార్లు చదవండి. ఒకసారి విషయం కోసం, ఒకసారి గొంతు కోసం.

• ఇది నన్ను ఏమి చేయమంటోంది? ఎందుకు తొందరపెడుతోంది? అని ప్రశ్నించుకోండి.

• కోపంలో జవాబు రాసినా పంపవద్దు. తెల్లవారాక చదివి, అప్పుడు నిర్ణయించుకోండి.

• మీరు రాసినదాన్ని పంపే ముందు పైకి చదవండి. మీ చెవికే కటువుగా ఉంటే మార్చండి.

• డబ్బు, మందులు, ఉద్యోగం గురించిన ఉత్తరమైతే ఇంట్లో మరొకరికి చూపించండి.

• ఏ ప్రకటన చదివినా మాత్రలు మీ అంతట మీరు మానవద్దు. ఆ ఫోను తీసుకుని ఓపీకి రండి. చూసి చెబుతాం, ఎవరూ నవ్వరు.

మృదువైన జవాబుకు కోపాన్ని చల్లార్చే శక్తి ఉందని సామెతలు 15వ అధ్యాయం మొదటి వచనం బోధిస్తుంది. ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఆ భాగం చదువుకోండి. దేవుడు మిమ్మును, మీ ఇంటివారిని దీవించును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్