వెలుగును మించిన వేగము సాధ్యమా?

వేసవి రాత్రులయందు ఆరుబయట పండుకొని చుక్కలను చూచు పిల్లలు, అచ్చటికి మనుష్యుడు పోగలడా యని పెద్దలను అడుగుట కద్దు. పంచాయతీ సభ్యులు సరియైన సమాధానము చెప్పుటకు వీలుగా ముఖ్య విషయములను ఇచ్చట తెలుపుచున్నాము.

వెలుగు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. సూర్యుని నుండి మనలను చేరుటకు దానికి 8 నిమిషములకు పైగా పట్టును. సూర్యుని తరువాత మనకు మిక్కిలి దగ్గర నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారి నుండి వచ్చుటకు 4 సంవత్సరములు దాటును. 1977లో అమెరికావారు పంపిన వాయేజర్-1 నౌక సెకనుకు సుమారు 17 కిలోమీటర్లు పోవుచున్నది. ఆ వేగముతో అంత దూరము పోవుటకు 70 వేల సంవత్సరములైనను చాలవు. వెలుగును మించి పోవలెనను కోరికకు ఈ దూరమే కారణము.

1905లో ఐన్‌స్టీన్ ప్రకటించిన సాపేక్ష సిద్ధాంతము ఈ కోరికకు అడ్డు నిలిచినది. బరువుగల ఏ వస్తువైనను వెలుగు వేగమును సమీపించిన కొలది, దానిని ఇంకను తోయుటకు మరింత శక్తి కావలెను. ఆ వేగమును అందుకొనుటకు అంతులేని శక్తి కావలసివచ్చును.

1994లో మెక్సికో శాస్త్రజ్ఞుడు మిగెల్ అల్కుబియెర్రె వేరొక త్రోవ చూపెను. నౌక ముందున్న అంతరిక్షమును కుదించి, వెనుకనున్న దానిని సాగదీసిన యెడల గమ్యము చేరవచ్చునని ఆయన గణితము. చాపమీది చీమ కదలకుండగనే, చాపను లాగి చీమను ఆవలికి చేర్చుట వంటిది ఇది. అయితే దీనికి ఋణశక్తి యను వింత శక్తి మిక్కుటముగా కావలెను. దానిని అంతగా సమకూర్చు ఉపాయము నేటికిని లేదు.

2011 సెప్టెంబరులో, జెనీవా చెంతనుండి సుమారు 730 కిలోమీటర్ల దూరమున ఇటలీలోని ప్రయోగశాలకు పంపిన న్యూట్రినో కణములు వెలుగుకంటె ముందుగా చేరినట్లు కొలతలలో కనబడెను. ప్రపంచము విస్తుపోయెను. ఆ శాస్త్రజ్ఞులు తమ లెక్కను అందరి ముందు ఉంచి, పరీక్షింపుడని కోరిరి. 2012లో ఒక తీగ సరిగా బిగింపబడలేదని తేలినది. అచ్చటనే జరిగిన ఇతర ప్రయోగములును వెలుగు వేగము దాటలేదని రుజువు చేసినవి. వారు తమ తప్పును దాచక ప్రకటించిరి.

వెలుగును మించు వాహనము సిద్ధమైనదని ఎవరైనను చెప్పినచో, కొలిచినదెవరు, మరల పరీక్షించినదెవరు అని అడుగుడు. గ్రామ పాఠశాలలోని సైన్సు ఉపాధ్యాయుని ఒక సాయంకాలము పంచాయతీ గ్రంథాలయమునకు పిలిచి, పిల్లలకు ఈ సంగతులు చెప్పింపుడు. మిగిలిన త్రోవను వెదకవలసినవారు ఆ పిల్లలే.