పంటి వెనుక వ్యథ

హైదరాబాదు తూర్పు భాగాన దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు సాగే రహదారి పరిసరాలు కళాశాలలతో, శిక్షణ కేంద్రాలతో, వసతి గృహాలతో కిక్కిరిసి ఉంటాయి. చదువు కోసం జిల్లాల నుండి వచ్చిన పదహారు, పదిహేడేండ్ల పిల్లలు ఇక్కడ ఎందరో! ఇంటివద్ద కంచంలో అన్నం మిగిలితే తల్లి కారణమడుగుతుంది. వసతి గృహంలో ఎవరు తిన్నారో, ఎవరు మానివేశారో గమనించే కన్ను అరుదు.

బరువు పెరుగుతామన్న భయంతో ఆకలిని అణచుకొనే వ్యాధికి ఆంగ్ల వైద్యుడు విలియం గల్ 1870ల దశకంలో అనోరెక్సియా నెర్వోసా అని పేరుపెట్టాడు. అదుపుతప్పి అతిగా తినడం, ఆపై బలవంతంగా వాంతి చేసుకోవడం బులీమియా నెర్వోసా ప్రధాన లక్షణాలు. దీనిని 1979లో లండనులో జెరాల్డ్ రస్సెల్ వివరించాడు. ఇవి బాలురకు సైతం వస్తాయి. బులీమియా ఉన్నవారి బరువు చాలావరకు మామూలుగానే ఉంటుంది కనుక చూసేవారికి అనుమానం కలగదు.

కాని పన్ను దాచలేదు. దానిపై ఉండే ఎనామిల్ మన దేహంలోకెల్ల గట్టి పదార్థం. అయినా పి.హెచ్. విలువ సుమారు 5.5 కంటె తగ్గితే అది కరగనారంభిస్తుంది. జఠర రసం అంతకంటె ఎన్నో రెట్లు తీవ్రమైన ఆమ్లం. వాంతి అయిన ప్రతిసారి అది పైవరుస ముందుపళ్ల లోపలి వైపును తాకుతుంది. కింది పళ్లకు నాలుక కొంత అడ్డు. క్రమంగా పైపళ్ల వెనుక భాగం అరిగి, నునుపుదేరి, పలుచబడుతుంది. చల్లని నీరు తాగితే పళ్లు జివ్వుమంటాయి. అంచులు విరుగుతాయి. నల్లగొండ ప్రాంతంలో ఫ్లోరైడు నీటి వలన పళ్లపై పడే గోధుమరంగు మచ్చలు నవ్వగానే కనిపిస్తాయి. ఈ అరుగుదల అలా కనిపించదు. తన పళ్ల వెనుక భాగాన్ని ఎవరు చూసుకుంటారు? దంతవైద్యుని చిన్న అద్దమే చూస్తుంది. కన్నవారికంటె ముందుగా ఈ వ్యాధిని పసిగట్టేది ఒక్కొక్కసారి ఆ వైద్యుడే.

వాంతి కాగానే వాసన పోవాలని బ్రష్ చేయడం చాలామంది అలవాటు. ఆమ్లంతో మెత్తబడిన ఎనామిల్‌ను ఆ రాపిడి మరింత అరగదీస్తుంది. చిటికెడు వంటసోడా కలిపిన నీటితో పుక్కిలించి, కనీసం అరగంట ఆగాలి. పోయిన ఎనామిల్ తిరిగి పెరగదు. అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్యశాలలోనో, మరొకచోటనో పంటిని కప్పించుకోవచ్చు. వాంతులు ఆగనిదే ఆ మరమ్మతు నిలువదు. అందుచేత మనస్సుకు కూడ చికిత్స అవసరం. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వసతి గృహపు మేడమీద పావుగంట ఏకాంతం దొరికితే చాలు.