పురాణపాత్రలలో భక్తి, విధేయత

భగవంతుని ఆజ్ఞకు తలవంచేవాడే భక్తుడని సామాన్యంగా చెబుతారు. అయితే ఆ ఆజ్ఞ తండ్రి ఆజ్ఞకో గురువు మాటకో విరుద్ధమైనప్పుడు భక్తుని కర్తవ్యం ఏమిటి? పురాణ కావ్యాలు ఈ ప్రశ్నను దాటవేయలేదు. తెలుగులో ఈ సమస్యకు గొప్ప రూపాన్నిచ్చిన కవులు ఇద్దరు: పదమూడవ శతాబ్దికి చెందిన పాలకురికి సోమనాథుడు, పదునైదవ శతాబ్దికి చెందిన బమ్మెర పోతన. వారి పేర్లతో ముడిపడిన పాలకుర్తి, బమ్మెర గ్రామాలు రెండూ ఒకే మండలంలోనివి. పూర్వం వరంగల్లు జిల్లాలో భాగమైన ఆ మండలం 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనతో జనగామ జిల్లాలో చేరింది. ఆనాడే మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలు కూడ వేర్వేరు జిల్లాలైనాయి. పోతన జన్మస్థలం కడప ప్రాంతపు ఒంటిమిట్ట అని వాదించిన పండితులూ ఉన్నారు. ఆ చర్చ ఇక్కడ అప్రస్తుతం.

భాగవత రచనకు మూలం ఒక ఆజ్ఞ. పోతన తండ్రి కేసన శైవశాస్త్ర మతం తెలిసినవాడు. అట్టి ఇంట పుట్టిన పోతన ఒక పున్నమి రాత్రి, చంద్రగ్రహణ సమయాన, గంగకు వెళ్లి స్నానం చేసి మహేశ్వరుని ధ్యానిస్తూ కూర్చున్నాడు. అప్పుడు ఎదుట సాక్షాత్కరించినవాడు శ్రీరాముడు. భాగవతాన్ని తెలుగు చేయమని ఆదేశించి ఆయన అంతర్ధానమైనాడు. ఈ వృత్తాంతాన్ని పోతనయే అవతారికలో చెప్పుకొన్నాడు. ధ్యానించినది ఒకరిని, ఆదేశించినది మరొకరు. శైవ వైష్ణవ భేదాలు తీవ్రంగా ఉన్న కాలంలో ఆయన ఆ ఆదేశాన్ని సందేహించలేదు. శివుని విడువనూ లేదు. కావ్యాన్ని రాజుకు గాక రాముడికే అంకితం చేశాడు. పన్నెండు స్కంధాల గ్రంథంలో అయిదవ స్కంధాన్ని గంగన, ఆరవదానిని సింగన, చివరి రెండింటిని నారయ పూరించారు. తక్కినవి పోతన రచనలు.

సప్తమ స్కంధంలోని ప్రహ్లాద చరిత్ర ఈ పాఠానికి ప్రాణం వంటిది. ప్రహ్లాదుని కేవలం తండ్రిని ధిక్కరించిన కుమారునిగా భావించడం పొరపాటు. తండ్రి పంపగా అతడు చండామార్కుల వద్దకు వెళ్లాడు. వారు చెప్పిన నీతిశాస్త్రాలన్నీ చదివాడు. గురువులను ఎన్నడూ నిందించలేదు. హిరణ్యకశిపుడు సైతం మొదట క్రూరుడుగా కనిపించడు. చదువుకొని వచ్చిన కుమారుని ఒడిలో కూర్చుండబెట్టుకొని, నేర్చినదానిలో మేలైనది చెప్పుమని ముద్దుగా అడిగిన తండ్రి అతడు. చిక్కు ఆ ముద్దుమాటలోనే ఉంది. అడిగినది తండ్రి కాబట్టి కుమారుడు దాచకుండా చెప్పాలి. చెబితే తండ్రికి ఆగ్రహం కలుగుతుంది. ప్రహ్లాదుడు చెప్పాడు. అబద్ధం చెప్పి తప్పించుకొని ఉంటే అతడు భక్తుడూ కాకపోవును, మంచి కుమారుడూ కాకపోవును.

తరువాత అతనిని ఏనుగులచేత త్రొక్కించారు, పాములచేత కరిపించారు, విషం పెట్టారు, అగ్నిలో త్రోశారు. ఇన్ని బాధలలోనూ ప్రహ్లాదుని నోట తండ్రిపై పరుషవాక్యం రాలేదు. ఎవని బలం చూసుకొని తనను ఎదిరిస్తున్నావని తండ్రి గర్జిస్తే, తనకు బలమైనవాడే తండ్రికీ, సమస్త ప్రాణులకూ బలమని వినయంగా బదులిచ్చాడు. లోకాలన్నిటినీ జయించిన తండ్రి తన లోపలి శత్రువులను జయించలేదని కూడ హెచ్చరించాడు. ఈ మాటలలోని మర్యాద గమనించదగినది. తండ్రి ఆజ్ఞను నిరాకరించాడే కాని తండ్రిని నిరాకరించలేదు. నరసింహుడు వరం కోరుకొమ్మన్నప్పుడు అతడు కోరినది తన తండ్రి పాపం నుండి విముక్తుడు కావడం. ఇరువది యొక్క తరాలతో కూడ అతడు పవిత్రుడైనాడని స్వామి పలికాడు. ఆ పిమ్మట తండ్రికి ఉత్తరక్రియలు జరిపినవాడూ ప్రహ్లాదుడే.

ఆ ప్రహ్లాదుని మనుమడైన బలిచక్రవర్తికి ఇట్టి సంకటమే గురువు వలన కలిగింది. మూడడుగుల నేల అడిగిన వటువు విష్ణువేనని శుక్రాచార్యుడు గుర్తించాడు. సర్వస్వం పోయే సమయంలో ఆడిన మాట తప్పినా దోషం లేదని శాస్త్రప్రమాణంతో చెప్పాడు. శిష్యుని మేలు కోరిన మాటయే అది. అయినా బలి ఇచ్చిన మాటకే కట్టుబడి, గురువు చేత రాజ్యభ్రష్టుడవు కమ్మని శపింపబడ్డాడు, వరుణపాశాలతో బంధింపబడ్డాడు, మూడవ అడుగుకు తన తలనే చూపాడు. ఇక్కడ ప్రహ్లాదునికీ బలికీ ఒక పోలిక ఉంది. పెద్దల మాట కాదన్నందుకు వచ్చిన కష్టాన్ని ఇద్దరూ తామే భరించారు, ఇతరులపైకి నెట్టలేదు. కథాంతంలో శ్రీహరి ఆదేశంపై శుక్రుడే ఆ యజ్ఞంలోని లోపాలను సరిదిద్దాడు. గురువుకు దక్కవలసిన గౌరవం గురువుకు దక్కింది.

సోమనాథుని లోకం ఇంతకంటె కఠినమైనది. ద్విపద ఛందస్సులో రచించిన బసవపురాణంలో ఆయన చెప్పిన సిరియాళుని కథనే తరువాత శ్రీనాథుడు హరవిలాసంలో పద్యాలలో చెప్పాడు. జంగమ రూపంలో వచ్చిన శివుడు కొడుకు మాంసంతో విందు కోరగా తల్లిదండ్రులు సమ్మతించారు. చివరకు శివుడు కొడుకును పిలువమనగా అతడు సజీవుడై వచ్చాడు. బైబిలులోని అబ్రాహాము కథ దీనికి సన్నిహితం. అయితే మోరీయా పర్వతంపై కత్తి ఎత్తిన చేతిని దైవం మధ్యలోనే ఆపింది. ఇస్సాకుకు బదులు పొట్టేలు బలి అయింది. ఖురానులో తండ్రి తన స్వప్నాన్ని కుమారునికి చెప్పి అతని అభిప్రాయం అడుగుతాడు, కుమారుడు సమ్మతిస్తాడు. బక్రీదు పండుగ ఆ త్యాగానికి స్మారకం. సిరియాళుని కథలో చేయి ఆగదు. పోయిన ప్రాణం తిరిగి వస్తుంది. నేటి పాఠకునికి ఈ కథ బాధ కలిగిస్తే అది సహజమే. భక్తుడు దాచుకొనదగినది ఏదీ లేదని చూపడానికి సోమనాథుడు అతిశయోక్తి అంచు వరకు వెళ్లాడు. ప్రహ్లాదుడు తన ప్రాణాన్ని ఒడ్డాడు, సిరియాళుడు పరుని ప్రాణాన్ని ఒడ్డాడు. ఈ భేదం చిన్నది కాదు.

మాట వినకపోవడం ప్రతిసారీ భక్తికి గుర్తు కాదని దక్షయజ్ఞ కథ తెలుపుతుంది. మహబూబాబాద్ జిల్లా కురవిలో వెలసిన వీరభద్రస్వామి ఆ కథలోని దేవుడే. శివరాత్రికి అక్కడ జాతర జరుగుతుంది. పోతన వీరభద్రవిజయంలో ఈ ఇతివృత్తాన్నే స్వీకరించాడు, భాగవతం నాల్గవ స్కంధంలోనూ చెప్పాడు. పిలువని పేరంటానికి పోవద్దని శివుడు వారించినా సతీదేవి పుట్టింటి మమకారంతో వెళ్లింది. శివనిందను వినలేక యోగాగ్నిలో దేహం విడిచింది. దక్షునిది మరొక దోషం: ప్రజాపతులలో అధిపతినన్న గర్వంతో అతడు ఎవరికీ తలవంచలేకపోయాడు. చివరకు గొర్రె తలతో లేచి శివుని స్తుతించాడు.

ఆజ్ఞలు ఇచ్చేవారిలో అందరికీ భయం కలిగించేవాడు యముడు. ఆరవ స్కంధంలోని అజామిళుని కథలో విష్ణుదూతల చేతిలో భంగపడి వచ్చిన తన భటులతో, తనపైన మరొక ప్రభువున్నాడని, హరిభక్తుల జోలికి పోవద్దని యముడే చెబుతాడు. భూపాలపల్లి జిల్లాలో, గోదావరీ ప్రాణహితలు కలిసేచోట ఉన్న కాళేశ్వరాలయంలో ఒకే పానవట్టంపై రెండు లింగాలు కనిపిస్తాయి. ఒకటి కాలుడైన యముని పేరిట కాళేశ్వరుడు, రెండవది ముక్తేశ్వరుడు. భక్తులు మొదట కాళేశ్వరుని పూజించి, ఆ తరువాతనే ముక్తేశ్వరుని అర్చిస్తారు.